యాభై ఏళ్లుగా ఒకే నాటకంతో: బేయార్క్ లీ గురించి మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల బ్రాడ్‌వే (న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్ల ప్రాంతం) మ్యూజికల్స్, అంటే పాటలూ డ్యాన్సులతో నడిచే నాటకాల గురించి రాసినప్పుడు ‘ఎ కోరస్ లైన్’ నాటకం, అందులో మొదటి నుంచీ ఉన్న డ్యాన్సర్ బేయార్క్ లీ ప్రస్తావన వచ్చింది. ఆమె గురించే అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ ప్రశ్నలకే.

ప్రశ్న: మా అమ్మాయి చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది, ఇప్పుడు కాలేజీలో మ్యూజికల్స్ చేస్తోంది. ఈ ఏడాది వాళ్లు ‘ఎ కోరస్ లైన్’ వేస్తున్నారు, తనకు ‘కానీ వోంగ్’ (Connie Wong) అనే పాత్ర వేషం ఇచ్చారు. అది నిజంగా ఒక డ్యాన్సర్ సొంత కథేనా? ఆమె ఎవరు? – ఒక తల్లి, ఎడిసన్, న్యూజెర్సీ

నిజమేనండీ. ఆ వేషాన్ని మొదట వేసింది బేయార్క్ లీ, ఆ కథా ఆవిడదే. 1946 డిసెంబరు 5న న్యూయార్క్ చైనాటౌన్‌లో పుట్టారు. నాన్న చైనీయుడు, అమ్మ భారతీయురాలు. ఈ రెండో సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు, మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. 1951లో, అయిదో ఏట, యూల్ బ్రిన్నర్ రాజుగా వేసిన ‘ద కింగ్ అండ్ ఐ’లో చిన్న రాకుమారిగా బ్రాడ్‌వే ఎక్కారు. ఆ తర్వాత 1958లో ‘ఫ్లవర్ డ్రమ్ సాంగ్’, 1968లో ‘ప్రామిసెస్, ప్రామిసెస్’, 1973లో ‘సీసా’, ఇలా ఒకదాని వెంట ఒకటి. వీటిలో చివరి రెండింటికీ డ్యాన్సులు కూర్చింది మైకేల్ బెనెట్. ‘ఎ కోరస్ లైన్’ ఆలోచన, దర్శకత్వం కూడా ఆయనవే.

నాటకం సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఖాళీ స్టేజీ, నేల మీద ఒక తెల్ల గీత, వెనక అద్దాలు. ఆ గీత మీద పదిహేడుమంది డ్యాన్సర్లు నిలబడతారు. కొత్త షోలో కోరస్‌కి, అంటే హీరో హీరోయిన్ల వెనక గుంపులో ఆడడానికి, ఎనిమిది మంది చాలు. చీకట్లో కూర్చున్న డైరెక్టర్ ఒక్కొక్కరినీ పిలిచి నీ గురించి నువ్వు చెప్పు అంటాడు. వాళ్లు చెప్పే మాటలు గాల్లోంచి పుట్టినవి కావు. 1974 జనవరిలో ఒక శనివారం రాత్రి, షోలన్నీ అయిపోయాక, కొంతమంది డ్యాన్సర్లు ఒకచోట చేరి టేప్ రికార్డర్ ముందు తమ జీవితాలు చెప్పుకున్నారు. నాటకానికి ముడిసరుకు అలాంటి మాటలే. ‘కానీ వోంగ్’ చైనాటౌన్‌లో పుట్టానంటుంది, నాలుగడుగుల పది అంగుళాల దగ్గర ఎదుగుదల ఆగిపోయి బాలే కల చెదిరిపోయిందని చెబుతుంది. అదంతా లీ బతుకే.

మీ అమ్మాయికి ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది కానీ చదివేవాళ్ల కోసం చెప్తున్నాను. చివర్లో ఆ ఎనిమిది మంది పేర్లలో ‘కానీ వోంగ్’ పేరు ఉండదు. తన జీవితం ఆధారంగా రాసిన పాత్రగా నిలబడి, ఆ పాత్రను వద్దనడం ప్రతి రాత్రీ విని, మర్నాడు మళ్లీ వచ్చి ఆ గీత మీదే నిలబడడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించమనండి. ఆ వేషానికి అంతకంటే పెద్ద పాఠం నేను చెప్పలేను.

ప్రశ్న: ఆమె ఆ నాటకానికి ‘డ్యాన్స్ కెప్టెన్’ అని రాశారు. అంటే ఏం చేస్తారు? ఇప్పుడు అన్నీ వీడియోల్లో ఉంటాయి కదా, చూసి నేర్చుకుంటే సరిపోదా? – నాటకరంగ విద్యార్థి, హైదరాబాద్

మంచి ప్రశ్న అడిగారు, ఆవిడ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. డ్యాన్స్ కెప్టెన్ అంటే తన స్టెప్పులతో పాటు మిగతా అందరి స్టెప్పులూ తెలిసిన మనిషి. స్టేజీ ముందంచున మధ్యలో సున్నా, అటూ ఇటూ అంకెలు రాసి ఉంటాయి. ఎవరు ఏ కౌంట్‌కి ఏ అంకె మీద ఉండాలి, ఎవరు ఎవరి వెనకనుంచి దాటాలి, ఎవరికైనా జ్వరమొస్తే వాళ్ల చోట్లోకి ఎవరు రావాలి, ఇదంతా ఆ మనిషి తలలో, ఒంట్లో ఉండాలి. కొత్తవాళ్లకి నేర్పడమూ, నెలల తరబడి ఆడి ఆడి పాతవాళ్లలో వచ్చే నిర్లక్ష్యాన్ని దులిపి కడగడమూ కెప్టెన్ పనే. చప్పట్లు రాని పని.

వీడియో ఎందుకు చాలదో ఒక్క ఉదాహరణతో చెప్తాను. మొదటి పాటలో ఆడిషన్ జరుగుతూ ఉంటుంది, డ్యాన్సర్లకి అప్పుడే నేర్పిన స్టెప్పుల్ని గుంపులు గుంపులుగా చేయిస్తారు. తలకి పట్టీ కట్టుకున్న ఒక అబ్బాయి అడుగులు చూసుకుంటూ తల కిందికే వంచుతుంటాడు, తల ఎత్తమని డైరెక్టర్ హెచ్చరిస్తాడు. వీడియోలో చూస్తే ఎవడో రాక తప్పు చేస్తున్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ తప్పు ముందే కూర్చిపెట్టిన స్టెప్పు! అతను నిజంగా బాగా ఆడగలవాడై ఉండాలి, ఎక్కడ చెడగొట్టాలో సరిగ్గా అక్కడే చెడగొట్టాలి, పక్కవాడిని తాకకూడదు. ఏది పొరపాటు, ఏది కావాలని చేసినది అనేది కెమెరాకి తెలియదు. దాన్ని పుట్టించిన గదిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

ఆ గదిలో ఉన్నవాళ్లు తగ్గిపోతూ వచ్చారు. బెనెట్ 1987లో, నలభై నాలుగేళ్లకే, ఎయిడ్స్ కారణంగా పోయారు. పాటలు రాసిన ఎడ్వర్డ్ క్లెబన్ అదే ఏడాది, మాటలు రాసిన ఇద్దరిలో జేమ్స్ కర్క్‌వుడ్ 1989లో, నికొలస్ డాంటే 1991లో, సంగీతం చేసిన మార్విన్ హామ్లిష్ 2012లో, బెనెట్ పక్కన నిలబడి డ్యాన్సులు కూర్చిన బాబ్ ఏవియన్ 2021లో వెళ్లిపోయారు. లీ మాత్రం ఆ స్టెప్పుల్ని మోసుకుంటూ దేశదేశాలు తిరిగి కొత్త బృందాలకి నేర్పుతూనే వచ్చారు. 2006లో నాటకం మళ్లీ బ్రాడ్‌వే మీదికి వచ్చినప్పుడు, 2013లో లండన్ పలేడియంలో, 2018లో న్యూయార్క్ సిటీ సెంటర్‌లో, మూడుసార్లూ దర్శకత్వం ఏవియన్‌ది, డ్యాన్సుల్ని తిరిగి నిలబెట్టింది లీ.

ప్రశ్న: నేను డ్యాన్స్ టీచర్‌ని. నన్నడిగితే యాభై ఏళ్లు ఒకే స్టెప్పులు అదే కొలతలో నేర్పడం జిరాక్స్ తీయడమే. నేర్చుకునేవాళ్ల సొంతం ఎక్కడ మిగులుతుంది? – వరంగల్

మీతో సగం ఒప్పుకుంటాను. స్టెప్పు మార్చకూడదని చట్టమేమీ లేదు. 2021లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎలెన్ కేన్ పూర్తిగా కొత్త డ్యాన్సులు కూర్చి ఇదే నాటకాన్ని వేశారు, నాటకం చెక్కుచెదరలేదు.

కానీ లీ నేర్పేదాన్ని జిరాక్స్ అనడానికి నాకు మనసొప్పదు. ఈ నాటకం ఆఖరి పాట సంగతే చూడండి. అంతసేపూ ఒక్కొక్కరి కథ వేరు, బట్టలు వేరు, భయాలు వేరు. చివర్లో అందరూ బంగారు రంగు కోట్లు, టోపీలు వేసుకుని, అద్దాల ముందు, ఒకే కోణంలో టోపీ వంచి, ఒకే ఎత్తులో కాలు ఎత్తి ఆడతారు. ఎవరు ఎవరో మీరు పోల్చుకోలేరు. ఇప్పటిదాకా మనసు విప్పి చెప్పిన మనుషులంతా గుంపులో కలిసిపోవడం చూస్తుంటే కడుపులో దేవినట్టు ఉండాలి. వేలెడు తేడా వచ్చినా ఆ దెబ్బ తగలదు. అక్కడ కచ్చితత్వమే కథ.

సొంతం అంటారా, అది మనిషిని ఎంచుకోవడంలో ఉంది. 2006 ప్రదర్శన కోసం జరిగిన ఆడిషన్ల మీద ఒక డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. అందులో ‘కానీ వోంగ్’ వేషానికి మనిషిని ఎంచే బల్ల దగ్గర లీ కూడా కూర్చుంటారు. తన వేషానికి తనే వేరొకరిని వెతుక్కోవడం! జపాన్‌లోని ఒకినావా నుంచి వచ్చిన యుకా తకారా విషయంలో ఆవిడకి సందేహం, న్యూయార్క్ వీధుల్లో పెరగని పిల్లకి ఆ గడుసుదనం పట్టుబడుతుందా అని. చివరికి ఆ వేషం తకారాకే దక్కింది. ఆ తర్వాత నేర్పవలసిందీ లీయే. తన జీవితాన్ని వేరే గొంతుతో, వేరే యాసతో పలికే మనిషికి దాన్ని చేతుల్లో పెట్టి ఇవ్వడం జిరాక్స్ ఎలా అవుతుందండీ?

ప్రశ్న: ఆ డ్యాన్సర్ల కథల్ని ఒక్క డాలర్‌కి రాయించుకున్నారని చదివాను. నిజమా? – విశాఖపట్నం

నిజమే, ఒక్కొక్కరూ ఒక డాలర్‌కి హక్కులు ఇచ్చేస్తూ సంతకం పెట్టారు. అప్పుడు అదొక ప్రయోగం, దాన్నుంచి డబ్బొస్తుందని ఎవరూ అనుకోలేదు. తర్వాత బెనెట్ తనకొచ్చే రాయల్టీలో వాళ్లకి వాటా ఏర్పాటు చేశారు. అయితే 2006 ప్రదర్శన వచ్చేసరికి పాత ఒప్పందం దానికి వర్తించలేదు, పేచీ వచ్చింది, 2008లో బెనెట్ వారసత్వ ఆస్తి చూసేవాళ్లతో రాజీ కుదిరాక గానీ వాళ్లకి న్యాయం జరగలేదు. నా మటుకు నాకు ఇది ఈ నాటకం చరిత్రలో మింగుడుపడని భాగం. టేపు ముందు ఏడ్చి చెప్పుకున్న మాటలు కోట్లు తెచ్చిపెట్టాయి, చెప్పినవాళ్లు మాత్రం ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. పాల్ అనే పాత్ర చెప్పే పొడవాటి ఆత్మకథ, ప్రేక్షకుల్ని ఏడిపించే ఆ ఘట్టం, నికొలస్ డాంటేది. ఆయన రచయితల్లో ఒకరు కాబట్టి పులిట్జర్ బహుమతిలో పాలు దక్కింది. స్టేజీ మీద ఆ పాత్ర వేసి, బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు అందుకున్నది మాత్రం శామీ విలియమ్స్.

ప్రశ్న: ఎన్ని ప్రదర్శనలు? ఇప్పటికీ రికార్డు దానిదేనా? సినిమా చూస్తే చాలా? – నెల్లూరు

1975 జులైలో షుబర్ట్ థియేటర్‌కి వచ్చి 1990 ఏప్రిల్ 28 దాకా ఆడింది, మొత్తం 6,137 ప్రదర్శనలు. 1976లో తొమ్మిది టోనీలు. 1983 సెప్టెంబరు 29న 3,389వ ప్రదర్శనతో బ్రాడ్‌వేలో అప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువ ఆడిన నాటకమైంది, ఆ రాత్రి వేర్వేరు బృందాల్లో ఆడిన 332 మందిని బెనెట్ స్టేజీ ఎక్కించారు. 1997లో ‘క్యాట్స్’ దాన్ని దాటింది. ఇప్పుడు రికార్డు ‘ద ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ది, 13,981. సినిమా 1985లో వచ్చింది, తీసింది మన ‘గాంధీ’ తీసిన రిచర్డ్ అటెన్‌బరోనే, కానీ దాంతో సరిపెట్టుకోకండి.

ప్రశ్న: ఒకే నాటకాన్ని జీవితమంతా అంటిపెట్టుకున్నవాళ్లు మన దగ్గర లేరా? – మచిలీపట్నం

కూచిపూడికి కూతవేటు దూరంలో ఉండి మీరు అడుగుతున్నారా! వేదాంతం సత్యనారాయణ శర్మ గారి పేరు మీ ఇంట్లో పెద్దల్ని అడగండి. ‘భామాకలాపం’లో సత్యభామ అంటే ఆయనే. ఉషగా, మోహినిగా కూడా మెప్పించారు కానీ జనం గుండెల్లో సత్యభామే నిలిచిపోయింది. 1961లోనే సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ, 2012లో కన్నుమూశారు. తెర వెనకనుంచి ముందు జడ మాత్రమే ఇవతలికి వేసి, మనిషి కనిపించకముందే సత్యభామ గర్వమంతా ఆ జడతో చూపించే ప్రవేశం ఉంది చూశారూ, దాన్ని ఆయన చేయగా చూసినవాళ్లు ఇప్పటికీ దాని గురించే మాట్లాడతారు.

అయితే రెండూ ఒకటి కాదు. లీ చేతిలో ఉన్నది ఒక దర్శకుడు ఒక ఏడాదిలో కూర్చిన నాటకం. శర్మ గారిది సిద్ధేంద్ర యోగి పేరుతో తరతరాలుగా వస్తున్న కలాపం, దాన్ని ఆయన పెద్దల దగ్గర నేర్చుకుని తనదిగా చేసుకున్నారు. సురభి కుటుంబాల సంగతి ఇంకా వేరు, అక్కడ పిల్లలు ‘మాయాబజార్’ మధ్యలోనే పెరుగుతారు. సురభి గురించి వేరే సంచికలో తీరిగ్గా మాట్లాడుకుందాం.

ప్రశ్న: మా పాప బాగా ఆడుతుంది కానీ పొట్టి. గ్రూప్ డ్యాన్స్‌లో వరస చెడిపోతుందని ప్రతిసారీ పక్కన పెడుతున్నారు. ఇంట్లో ఒకటే ఏడుపు. బేయార్క్ లీ గురించి చదివి రాస్తున్నాను. – తెనాలి

అమ్మా, పాపకి నాలుగడుగుల పది అంగుళాల సంగతి చెప్పండి. ఆ ఎత్తుతోనే ఆవిడ బ్రాడ్‌వేలో ఆడారు. బాలే కుదరలేదన్నది నిజమే, దాన్ని దాచలేదు, ఆ బాధనే స్టేజీ మీద నిలబడి చెప్పారు. తర్వాత ఆసియా మూలాలున్న కళాకారులకి వేషాలు దొరకడం లేదని 2009లో మరో ఇద్దరితో కలిసి ‘నేషనల్ ఏషియన్ ఆర్టిస్ట్స్ ప్రాజెక్ట్’ పెట్టి, ‘ఓలివర్’, ‘హలో డాలీ’ లాంటి నాటకాల్ని మొత్తం ఆసియా మూలాలవాళ్లతోనే వేయించారు. ఆ సేవకే 2017లో టోనీ వేడుకలో ఇసబెల్ స్టీవెన్‌సన్ అవార్డు ఇచ్చారు.

ఇక మీరు చేయాల్సిన పని. మాస్టారి దగ్గరికి వెళ్లి గొడవ పడకండి, పాపని ముందు వరసలో నిలబెట్టమని నేరుగా అడగండి. ఎత్తు తక్కువవాళ్లని ముందు, పొడుగువాళ్లని వెనక పెట్టడం ఎక్కడైనా ఉన్న పద్ధతే, వరసేమీ చెడదు. పాపకి తన స్టెప్పులే కాదు, పక్కనున్న అందరివీ నేర్చుకోమనండి. వార్షికోత్సవం ముందురోజు ఎవరో ఒకరు జ్వరమని మానేస్తారు, అప్పుడు మాస్టారే ఫోన్ చేస్తారు.