నీకు కనపడింది నీ జవానుకి కనపడలేదు

విజయనగరం,
ఆదివారం పొద్దున్న

అల్లుడూ,

రెండో ప్రపంచయుద్ధపు కంప్యూటర్ ఆట కంబాట్ మిషన్‌లో నువ్వు ఆడి పంపిన సేవ్ ఫైలు తెరిచి మొదటి నిమిషం నుంచి చివరిదాకా చూశాను. పదకొండో నిమిషానికి నీ దళం, అదే ప్లాటూన్‌లో పద్నాలుగు మంది పోయారు. రెండు షెర్మన్ ట్యాంకుల్లో ఒకటి మిట్టమీద తగలబడుతోంది. రెండోదాని కమాండర్‌కి తలలో గుండు దిగింది. ఆట మోసం చేస్తోందని రాశావు. ఆట మోసమేమీ చెయ్యలేదురా. నువ్వు మేడమీద నుంచి చూసి, వీధిలో ఉన్నవాడికి ఆజ్ఞలిచ్చావు.

కంబాట్ మిషన్‌లో నీ తెరమీద కనపడేది నీ సైన్యంలో అందరూ చూసినదంతా కలిపి. తోట చివరున్న జర్మన్ మెషిన్‌గన్‌ని మూడో సెక్షన్ (ప్లాటూన్‌లో ఒక జట్టు) చూసింది కాబట్టి దాని గుర్తు నీకు వచ్చింది. మరి ట్యాంకులో కూర్చున్నవాడికి? ట్యాంకు మీద ఒకసారి నొక్కు. దానికి తెలిసిన శత్రువులు మాత్రమే మిగిలి, మిగతా గుర్తులన్నీ మాయమైపోతాయి. నీ ఫైల్లో ఆరో నిమిషం దగ్గర అలా నొక్కి చూస్తే ట్యాంకు ముందు ఒక్క గుర్తు కూడా లేదు. గుడ్డివాడిని పట్టుకుని వాడికి తెలియని దాని మీదకి తోలావు.

కబురు ఎలా పారుతుందో తెలుసుకో. చూసిన సెక్షన్ నుంచి తన ప్లాటూన్ కమాండర్‌కి కేకతోనో సైగతోనో చేరుతుంది. అక్కణ్ణుంచి రేడియోలో కంపెనీకి, కంపెనీ నుంచి ట్యాంకుకి. ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవడికైనా రేడియో లేకపోయినా, కమాండర్ సెక్షన్‌కి కనపడనంత దూరంలో ఉన్నా అసలు చేరదు. నువ్వు చేసిన పని అదే. కమాండర్‌ని భద్రంగా ఉంటాడని వెనకాల రాతి ఇంట్లో దాచావు. వాడు భద్రంగానే ఉన్నాడు, ప్లాటూన్ చెవిటిదైపోయింది. వాడిని సెక్షన్ల వెనక, వాళ్ళకి కనపడేంత దగ్గరలో, గోడచాటున పెట్టాలి. ట్యాంకుకి రేడియో కబురు అందకపోతే చూసిన జట్టుని, మూత తీసి ఉన్న ట్యాంకు పక్కకి నడిపించు. కబురు అందాక ట్యాంకుకి ప్రశ్నార్థకం గుర్తు వస్తుంది. అది వచ్చిందంటే, ఎక్కడ వెతకాలో వాడికి తెలిసినట్టే. అప్పుడే ట్యాంకుని ముందుకి జరుపు. ఓపిక లేనివాడు ఈ ఆట ఆడి లాభం లేదు.

ఇక ఆ మిట్టమీద కాలిన షెర్మన్ సంగతి. పైడితల్లి పండగనాడు సిరిమాను చివర కూర్చున్న పూజారిని ఊళ్ళో ఎక్కణ్ణుంచి చూసినా కనపడతాడు కదా. నీ ట్యాంకు సరిగ్గా అలా ఎక్కింది. ఆకాశం వెనక, నేల కింద, మొత్తం బయటికి. మిట్ట ఎక్కితే బాగా కనపడుతుందని నువ్వనుకున్నావు, నిజమే. ఎదుటివాడికీ అంతే బాగా కనపడింది. ట్యాంకుని శిఖరానికి ఇవతల వాలులో ఆపి, గొట్టం, దాన్ని మోసే తిరిగే పైభాగం (టరెట్) మాత్రమే పైకి వచ్చేలా అంగుళం అంగుళం జరపాలి. చేసే విధానం ఇది: శిఖరానికి కొంచెం ముందు ఒక వేపాయింట్, అంటే ట్యాంకు వెళ్ళి ఆగాల్సిన చోటికి గుర్తు, పెట్టు. ఆ వేపాయింట్‌ని ఎంచుకుని టార్గెట్ ఆజ్ఞ నొక్కితే అక్కణ్ణుంచి గీత సాగుతుంది. నీకు కావలసిన ఇంటిదాకా గీత తగలకుండా వెళ్ళిందా, సరే. మధ్యలో నేలకి తగిలి ఆగిందా, వేపాయింట్‌ని ఇంకో అయిదు మీటర్లు జరిపి మళ్ళీ చూడు. రెండు నిమిషాల పని. నువ్వు రెండు నిమిషాలు మిగుల్చుకుని ట్యాంకుని పోగొట్టుకున్నావు.

కాల్చాక అక్కడే కూర్చోకూడదు. ముందుకి స్లో, వేపాయింట్ దగ్గర పాజ్ 15 సెకన్లు, తరవాత రివర్స్ ఆజ్ఞతో వెనక్కి 20 మీటర్లు. ఈ మూడూ ఒకే నిమిషంలో అయిపోవాలి. అవతల జర్మన్ పాంథర్ ట్యాంకు ఉంటే ఇది మరీ ముఖ్యం. దాని ముందు పలక మందం 80 మిల్లీమీటర్లే, కానీ నిలువు నుంచి 55 డిగ్రీలు వాలి ఉంటుంది. అడ్డంగా కొలిస్తే దాదాపు 140 మిల్లీమీటర్లు. నీ 75 మిల్లీమీటర్ల గుండు దాన్ని దాటదు, ఎంతసేపు కాల్చినా దాటదు. దాని పక్క పలక మాత్రం రకాన్ని బట్టి 40, 50 మిల్లీమీటర్లే. అందుకే ఒక ట్యాంకుతో ఎదురుగా కనపడీ కనపడకుండా ఊరిస్తూ, రెండోదాన్ని పొదల మాటున తిప్పి పక్కకి తీసుకెళ్ళాలి. నువ్వు రెండింటినీ ఒకే బాటమీద ఎడ్లబళ్ళలా వరసగా తోలావు. ఇంకో మాట, మూత తీసి ఉంటే కమాండర్‌కి చుట్టూ కనపడుతుంది, వేసుకుంటే సన్నటి సందుల్లోంచి చూడాలి. తుపాకీ దూరంలో శత్రుపదాతి ఉందని తెలిస్తే వేసుకో, లేదంటే తీసి ఉంచు. తోటల్లోకి దూరేటప్పుడు ట్యాంకు ముందు నడవకూడదు. మనుషులు 40, 50 మీటర్లు ముందుండాలి. జర్మన్ జవాను చేత్తో పట్టి ట్యాంకుల్ని కొట్టే పాంజర్‌ఫౌస్ట్ 30 రకం పేరుకి తగ్గట్టు 30 మీటర్లలోనే పనిచేస్తుంది. ఆ 30 మీటర్లనీ మనుషులతో వెతికించాకే ట్యాంకు.

ఆట మొదలవగానే, ఇచ్చిన ఆజ్ఞల్ని నిమిషంపాటు నడిపించే ఎర్ర బటన్ నొక్కే అలవాటు మానుకో. మొదటి ఇరవై నిమిషాలు, ఆటలో నిమిషాలు కాదు, మీ ఇంటి గడియారంలో నిమిషాలు, ఒక్క దళాన్నీ కదపొద్దు. కీబోర్డులో 1 నొక్కితే కెమెరా నేలమీదకి, మనిషి కంటి ఎత్తుకి దిగుతుంది. అలా దిగి, ముందు శత్రువు ఉండొచ్చనుకున్న చోటికి వెళ్ళి నిలబడి నీ వైపు తిరిగి చూడు. మెషిన్‌గన్ నువ్వే అయితే ఎక్కడ పెడతావు? ఆ కిటికీ నుంచి ఏ పొలం మొత్తం కనపడుతుంది, ఏ గట్టు వెనక ఏమీ కనపడదు? ఆ కనపడని చోట్లే నీ దారి. పైనుంచి చూస్తే పొలం బల్లపరుపుగా అనిపిస్తుంది కానీ, కిందకి దిగితే మోకాలెత్తు పల్లం ఒకటి పొడుగునా సాగి ఉంటుంది, కాలవ ఎండిపోయినట్టు. దాంట్లో పడి ఓ సెక్షన్ మొత్తం వెళ్ళిపోవచ్చు. చెట్లు అడ్డుగా ఉంటే ఆల్ట్‌తో టీ నొక్కితే తెరమీద మాయమవుతాయి. అవి నీ కంటికే మాయం, సైనికుడి చూపుకి అక్కడే ఉంటాయి, అది మరిచిపోకు. ఫ్రాన్సులోని నార్మండీ పటాల్లో కంచెలు మరీ దారుణం. మన ఉద్దానంలో జీడితోటకీ జీడితోటకీ మధ్య నడుమెత్తు మట్టిగట్టు వేసి, దానిమీద ముళ్ళపొదలు దట్టంగా పెంచితే ఎలా ఉంటుందో అలా. సందు ఉన్నచోటే దాటాలి, ఆ సందు మీదే శత్రువు గురి ఉంటుంది. కాబట్టి సందు కనపడగానే సంబరపడకు.

ఇప్పుడు నీ పద్నాలుగు మంది. అరవై మీటర్ల పొలం, అవతల రాతి ఇల్లు. పన్నెండు మంది సెక్షన్‌కి ఫాస్ట్ ఇచ్చి సూటిగా పరిగెత్తించావు. ఫాస్ట్ అంటే ప్రాణం పెట్టి పరుగు, అలసిపోతారు, దారిలో తిరిగి కాల్చరు. అందరూ ఒకే గుంపుగా పోతే ఒక్క మెషిన్‌గన్ వరస చాలు, అదే జరిగింది. జర్మన్ ఎంజీ 42 మెషిన్‌గన్ నిమిషానికి 1200 తూటాల వేగంతో కాలుస్తుంది, అరవై మీటర్లు పరిగెత్తేలోపు ఎన్ని వస్తాయో నువ్వే లెక్కేసుకో.

ఇలా చెయ్యాలి. మొదటి నిమిషంలో ఎవరూ పొలంలో అడుగు పెట్టరు. మెషిన్‌గన్ జట్టుని పొలానికి ఎదురుగా కాకుండా పక్కగా, ఇల్లు ఏటవాలుగా కనపడేచోట పెట్టి, డిప్లాయ్ చేయించు. అమరడానికి కొంత సమయం పడుతుంది, అంచేత దీన్ని అందరికంటే ముందే పంపాలి. ఒక సెక్షన్ కూడా గట్టుచాటు నుంచి కిటికీల మీద కాలుస్తుంది. వాళ్ళకి టార్గెట్ కాదు, టార్గెట్ లైట్ ఇవ్వు. లేదంటే బజూకా గుళ్ళు, రైఫిల్ గ్రెనేడ్లు ఖాళీ గోడల మీద తగలేస్తారు. శత్రువు కనపడకపోయినా అనుమానం ఉన్న కిటికీ మీద కాల్చాలి. కనపడ్డాకే కాలుస్తానంటే అప్పటికి వాడు కాల్చేసి ఉంటాడు.

రెండో నిమిషంలో దాటాల్సిన సెక్షన్ నుంచి స్కౌట్ టీమ్‌ని విడదీసి, ఆ ఇద్దరినే క్విక్‌తో (మామూలు పరుగు) పంపు. అరనిమిషం లోపు చేరతారు. వాళ్ళమీద కాల్పులు వచ్చాయా, ఎక్కణ్ణుంచో తెలిసింది, మిగతా పదిమంది ఇంకా చాటునే ఉన్నారు. ఇద్దరు మనుషులతో బేరం తేలింది. రాలేదా, మూడో నిమిషంలో మిగతావాళ్ళని రెండు జట్లుగా పంపు. మొదటి జట్టుకి వెంటనే, రెండోదానికి పాజ్ 20 సెకన్లు పెట్టి. అందరూ గోడకి చేరేదాకా కవర్ ఫైర్ ఆగకూడదు. చాలామంది ఇక్కడే తప్పుతారు. శత్రువు తలదించుకున్నాడని తూటాలు మిగుల్చుకోవడానికి కాల్పులు ఆపేస్తారు. తలదించుకున్నవాడు చచ్చినవాడు కాదు, కాసేపట్లో తేరుకుని లేస్తాడు. అప్పటికి నీ మనుషులు పొలం మధ్యలో ఉంటారు. అలాగని మనవాళ్ళు ఇంట్లోకి దూరాక కూడా ట్యాంకు గుళ్ళు ఆ ఇంటిమీదే వేస్తే, పేలేదానికి మనా పరా తెలియదు. ఆ నిమిషం మొదలవకముందే ట్యాంకు గురిని పక్కింటికి మార్చు. ఇంటి గుమ్మం దగ్గర అసాల్ట్ ఇస్తే సగం మంది కాస్తుంటే సగం మంది లోపలికి వెళతారు. హంట్ ఎప్పుడంటే, ఏముందో తెలియని చోటికి నెమ్మదిగా పోతూ శత్రువు తగలగానే ఆగాలనుకున్నప్పుడు. బహిరంగ పొలంలో హంట్ ఇచ్చావో, మొదటి తూటాకే అక్కడే పడుకుండిపోతారు.

మీ ఊళ్ళో సెలవుమీద వచ్చిన మిలిటరీవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు కదా, పొలం దాటడం గురించి అడిగి చూడు. నేను రాసిందే రెండు ముక్కల్లో చెబుతారు.

ఫిరంగుల విషయంలోనూ చూపే ముఖ్యం. పిలిచే అబ్జర్వర్‌కి పడేచోటు కనపడాలి. ముందు గురి చూసుకునే గుళ్ళు ఒక్కొక్కటే పడతాయి, వాటిని చూసి సరిదిద్దుతాడు. అవి ఇంటి వెనకో తోటలోనో వాడికి కనపడనిచోట పడితే సరిదిద్దలేడు, తరవాత వచ్చే వర్షం ఎక్కడ కురుస్తుందో చెప్పలేం. పిలుపు మధ్యలో వాడిని కదిపినా చెడుతుంది. ఎన్ని నిమిషాలు పడుతుందో తెరమీదే కనపడుతుంది, కాబట్టి కదిలే శత్రువు మీద పిలవకు. గుళ్ళు వచ్చేసరికి వాడు అక్కడ ఉండడు. దాడి వైపు నువ్వుంటే, ఆట మొదలయ్యే ముందు సెటప్ దశలోనే పెట్టిన పిలుపుకి ఆలస్యం ఉండదు, అప్పుడు అబ్జర్వర్‌కి కనపడనిచోట కూడా వెయ్యొచ్చు. 5 నిమిషాల తరవాత పడేలా, 10 నిమిషాల తరవాత పడేలా కూడా పెట్టుకోవచ్చు. నీ ఫైల్లో 81 మిల్లీమీటర్ల మోర్టార్లు ఒక్క గుండు కూడా కాల్చకుండా ఆట ముగిసింది. దాచుకుని ఏం చేసుకుంటావురా?

పటం మొదట్లో నేల స్థితి ఏమిటో రాసి ఉంటుంది. తడి అనో బురద అనో ఉంటే రోడ్డు వదలొద్దు. దున్నిన చేలో దిగబడిన ట్యాంకు ఇక ఫిరంగి మాత్రమే. 1965 సెప్టెంబరులో పంజాబులో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో జరిగింది అదే. మనవాళ్ళు గుర్రపునాడా ఆకారంలో కాపు కాసి, పొలాలకి నీళ్ళు వదిలారు. పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు చెరకు తోటల్లోకి వచ్చి బురదలో చిక్కాయి. తొంభైకి పైగా ట్యాంకులు అక్కడే పోయాయి. మన హవల్దార్ అబ్దుల్ హమీద్ జీపు మీది 106 మిల్లీమీటర్ల తుపాకీతో చెరకు మాటునుంచి ట్యాంకుల్ని కొట్టింది కూడా అక్కడే. సంకిలి వైపు వెళ్ళినప్పుడు నిలువెత్తు చెరకు పక్కన నిలబడి లోపలికి ఎంతదూరం కనపడుతుందో చూడు, పాటన్‌లో కూర్చున్నవాడి బాధ అర్థమవుతుంది.

ఆ యుద్ధాలు ఆడాలని ఉంటే విన్‌ఎస్‌పీఎంబీటీ అనే ఆట ఉచితంగా దొరుకుతుంది. షట్కోణాల పటం, ఒక్కో గడి 50 మీటర్లు, ఒకరి తరవాత ఒకరి వంతు. భారత్, పాకిస్తాన్ సైన్యాలు రెండూ ఉన్నాయి. బొమ్మలు పాతకాలంవి, కానీ నీ పాత ల్యాప్‌టాప్ వేడెక్కదు. కంబాట్ మిషన్ ఆడేటప్పుడు వేడెక్కుతోందన్నావు కాబట్టి, 3డీ మోడల్, 3డీ టెక్స్చర్ రెండింటినీ తగ్గించు. పెద్ద పటాల జోలికి పోకు. ఒక ప్లాటూన్, ఒకటి రెండు ట్యాంకులు, అరగంట నుంచి ముప్పావుగంట పట్టే యుద్ధం, నీకు ఇప్పుడు అంతే చాలు. బెటాలియన్ తీసుకుంటే ఒక్క నిమిషానికి ఆజ్ఞలివ్వడానికే గంట పడుతుంది, విసుగొచ్చి అందరికీ క్విక్ ఇచ్చేస్తావు.

రియల్ టైమ్‌లో ఆడకు. నిమిషం నిమిషంగా ఆడితే ఆ అరవై సెకన్లనీ ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి చూడొచ్చు, ఎవడు ఎక్కణ్ణుంచి కాల్చాడో ఒక్కో మనిషి పక్కనా నిలబడి. కరెంటు పోయే కాలం, ప్రతి నిమిషం తరవాతా సేవ్ చెయ్యి, పాత ఫైలు మీద కాకుండా నంబరు మార్చి.

మనిద్దరం ఈమెయిల్ మీద ఆడదాం. ఫైలు పంపితే రోజుకి ఒక నిమిషం ఆడినా చాలు, నెట్ సరిగ్గా లేకపోయినా ఇబ్బంది లేదు. అదే పటం, అదే రాతి ఇల్లు. నువ్వు దాడి, నేను కాపు. ఎర్ర బటన్ నొక్కేముందు ఒక కాగితం మీద పటం గీసి, నా మెషిన్‌గన్‌లు ఎక్కడుంటాయనుకుంటున్నావో మూడుచోట్ల గుర్తు పెట్టి ఫోటో తీసి దాచుకో. ఆట అయ్యాక పంపు, ఎన్ని తప్పయ్యాయో చూద్దాం. అక్కని అడిగానని చెప్పు.

మీ మావయ్య