ఊరికే పంచిపెడితే అన్నం ఎవరు పెడతారండీ?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం. పదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఎంబీఏ చెయ్యమంటే ఎంఏ సంగీతం చేస్తానంటోంది. ఎవరూ పాడని పాత పదాలు, జావళీలు (శృంగార గేయాలు) వెతికి కచేరీల్లో పాడుతుందట. ఆ రికార్డింగులు ఎవరైనా వాడుకునేలా నెట్‌లో ఉచితంగా పెడుతుందట. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. రెండు కోర్సుల్లో ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు కోర్సుల గురించి అడిగారు గానీ మీ బెంగ అది కాదు. పదేళ్లు ఫీజులు కట్టి నేర్పించిన విద్యను పిల్ల ఊరికే పంచిపెడితే రేపు ఎలా బతుకుతుంది, చుట్టాలకు ఏమని చెప్పుకోవాలి అన్నదే అసలు దిగులు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఊరి పేరు, వాయిద్యం పేరు మారతాయంతే.

ఒక మాట అంటాను, కోపగించుకోకండి. దసరా పందిట్లో పాడించి ఉంటారు. చుట్టాలొస్తే ‘ఒక కీర్తన పాడవే’ అని ఉంటారు. ఒక్కసారైనా డబ్బు ఊసెత్తారా? ఊరికే పాడటం అలవాటు చేసింది మనమే. అదే పని ఆమె ఒక పద్ధతిలో చేస్తానంటే మాత్రం ‘పనికిమాలిన పని’ అయిపోయిందా?

ఆమె ఎంచుకున్న సంగీతం నిజంగా మంచి గని. పదాలు రాసిన క్షేత్రయ్య 17వ శతాబ్దం వాడు. రచయిత పోయాక 60 ఏళ్లు గడిస్తే మన చట్టం ప్రకారం ఆ రచన అందరిదీ. క్షేత్రయ్య పదాల్లో సాహిత్యం మిగిలి, వరుస (బాణీ) పోయినవి ఎన్నో ఉన్నాయి. పాత రచనలను స్వరాలతో సహా సుబ్బరామ దీక్షితులు 1904లో తమిళనాడులోని ఎట్టయపురంలో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలోనే అచ్చయింది. స్వరాల వెంట గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరుకు, చిన్న చిన్న గుర్తులుంటాయి. తమిళ పిల్లలు తమిళ ప్రతి చూసుకోవాలి, మీ అమ్మాయి అసలు పుస్తకమే చదువుకోగలదు. ఆ గుర్తులు చూసి పాడి వినిపించగలవారు ఎందరున్నారో ఆమె గురువుగారిని అడిగి చూడండి. రేపు ఆమెకు పని దొరికేది అక్కడే.

అయితే పాత పాటల్లో అన్నీ స్వేచ్ఛగా వాడుకోదగ్గవి కావు. అన్నమయ్య రాగి రేకుల మీద ఉన్నది సాహిత్యం, రాగం పేరు. ఇప్పుడు మనకు నోటికొచ్చిన వరుసల్లో చాలావరకు గత శతాబ్దంలో పెద్దలు కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో పోయారు. ఆ లెక్కన ఆయన కట్టిన వరుసల మీద హక్కు 2039 చివరి దాకా ఉంటుంది. మాట అన్నమయ్యది, వరుస ఇంకొకరిది. అనుమతి అడగాలి, లేదా తనే వరుస కట్టుకోవాలి.

కచేరీ రికార్డింగు ఆమె ఒక్కదాని సొత్తు కూడా కాదు. వయొలిన్, మృదంగం వాయించినవారికి కూడా హక్కులుంటాయి. వేదిక ఎక్కేముందే వాళ్లతో కాగితం మీద సంతకం చేయించుకోవాలి. ‘మనవాళ్లే కదా’ అనుకుంటే తర్వాత గొడవ. ఇంకొకటి, ‘ఎవరైనా వాడుకోవచ్చు’ అని ముందే అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. అందుకని మొదటి ఏడాది తొందరపడొద్దని చెప్పండి. గురువుగారు ‘బాగుంది’ అన్నవే పెట్టమనండి.

నాకు అసలు అనుమానం ఉచితం మీద కాదు, యూట్యూబ్ ఛానల్ మీద. ఈమధ్య ప్రతి పిల్లా ‘ఛానల్ పెడతాను సార్, డబ్బులు అవే వస్తాయి’ అంటోంది. నా దగ్గరకొచ్చిన ఒకబ్బాయి ఉద్యోగం మానేసి రెండేళ్లు వీడియోలు పెట్టాడు. చివరికి రాగం వదిలేసి థంబ్‌నెయిళ్లు (వీడియోల ముఖచిత్రాలు) చెయ్యడం నేర్చుకున్నాడు. తను పాడిన త్యాగరాజ కీర్తనకే ఏదో కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. రికార్డింగులు పోల్చేది యంత్రం. త్యాగరాజస్వామి 1847లోనే సిద్ధి పొందారని దానికేం తెలుసు? అప్పీలు పెడితే తొలగింది గానీ, అబ్బాయి అప్పటికే నీరుగారిపోయాడు. ఛానల్‌ను జీతంగా కాకుండా విజిటింగ్ కార్డులా వాడుకుంటే చాలు.

ఉచితం వల్ల డబ్బు అసలు రాదా అంటే, వస్తుంది, పక్కదారిలో. కిమికో ఇషిజాకా అనే పియానో కళాకారిణి 2012లో పాశ్చాత్య సంగీతకారుడు బాఖ్ రచన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ వాయించి, ఆ రికార్డింగును ఏ హక్కూ ఉంచుకోకుండా వదిలేసింది. ఖర్చుకు శ్రోతలే ముందుగా చందాలిచ్చారు. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. రికార్డింగు విన్న అమెరికా తెలుగు తల్లి ‘మా పాపకు ఆన్‌లైన్‌లో నేర్పుతారా’ అని ఫోన్ చేస్తుంది. నాకు తెలిసిన గాయనుల్లో ఇల్లు గడుపుతున్నది ఎక్కువగా పాఠాలే. సభల్లో ఇచ్చేది ఇప్పటికీ శాలువాయే, దాని మీద ఆశలు పెట్టుకోకండి.

పోల్చమన్నారు కదా. మంచి కాలేజీలో సీటు, ఆ పని మీద ఇష్టం ఉంటే ఎంబీఏ మేలు. మీ అమ్మాయికి రెండోది లేదు. ఎంఏ సంగీతం చేస్తే యూజీసీ నెట్ అనే అర్హత పరీక్ష రాసి అధ్యాపక ఉద్యోగాలకు ప్రయత్నించొచ్చు, పోస్టులు మాత్రం తక్కువ. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడు తెచ్చుకుంటే సభలవాళ్లు పిలుస్తారు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు రెండేళ్లపాటు ఉపకారవేతనం ఇస్తుంది, ఈసారి ప్రకటన రాగానే దరఖాస్తు పెట్టించండి. బీకాం ఎలాగూ చేతిలో ఉంటుంది, అకౌంట్స్ పని ఎప్పుడైనా దొరుకుతుంది.

ఇంత పెద్ద ఉత్తరంలో ఆమె ఏ పదం పాడాలనుకుంటోందో ఒక్క ముక్కైనా రాయలేదు మీరు. ఈ రాత్రి వంటింట్లో కూర్చోబెట్టి, అది పాడించుకుని వినండి. తర్వాత ఇద్దరూ కలిసి నాకు రాయండి.