చెప్పుకోలేని చోట పొక్కులు కనిపిస్తే

చిరంజీవికి ఆశీస్సులు.

అంగం మీద పొక్కులు కనిపించాయని రాసిన నీ ఉత్తరం చదివాను. ఇంట్లో నోరు విప్పలేక, ఫోన్లో బొమ్మలు వెతికి చూసి బెదిరిపోయి, చివరకు ఈ పెదనాన్నకు రాయడం మంచి పనే. చర్మవ్యాధుల వైద్యుడిగా నేను చూసిన యువకుల్లో ఇదే భయంతో వచ్చినవారు ఎందరో ఉన్నారు, వారిలో చాలామందికి అసలు జబ్బే లేదు.

నీవు రాసినట్టు, శిశ్నాగ్రం (అంగం కొన) అంచు చుట్టూ ఒకటి రెండు వరుసల్లో, అన్నీ ఒకే తీరుగా, ఒక్కొక్కటి 1 లేదా 2 మిల్లీమీటర్లకు మించకుండా, నొప్పీ దురదా లేకుండా నెలల తరబడి మారకుండా ఉన్నవైతే, అవి చాలావరకు పెర్లీ పెనైల్ పాప్యూల్స్, అంటే జబ్బు కాని సహజమైన చిన్న పొక్కులు, అయి ఉంటాయి. ఇవి యౌవనంలో బయటపడి, వయసు పెరిగే కొద్దీ కొంత అణగిపోతాయి. అంటుకునేవి కావు, శుభ్రత లోపించి వచ్చేవీ కావు. హస్తప్రయోగం వల్ల వస్తాయని ఎవరైనా బెదిరిస్తే ఆ మాటను పట్టించుకోకు. అలాగే, చర్మాన్ని కొద్దిగా సాగదీసినప్పుడు అంగం మీద, వృషణాల సంచి మీద లేత పసుపు చుక్కలు కనిపిస్తే, అవి ఫోర్డైస్ మచ్చలు, అంటే చర్మంలో సహజంగానే ఉండే నూనె గ్రంథులు. ఈ రెంటికీ మందు అవసరం లేదు.

అయితే కొన్నిటిని వైద్యుడికి చూపించి తీరాలి. రోజురోజుకూ పెరుగుతూ, గరుకుగా, కాలీఫ్లవర్ పువ్వులా గుంపు కట్టేవి హెచ్‌పీవీ అనే వైరస్ తెచ్చే పులిపిర్లు కావచ్చు, ఇవి ఎక్కువగా ఆ వైరస్‌లోని 6, 11 రకాల వల్ల వస్తాయి. నున్నగా ఉండి నడుమ చిన్న గుంట పడినవి మొలస్కం అనే వైరస్ చర్మవ్యాధి కావచ్చు. మంటతో గుంపుగా లేచి పగిలే నీటి పొక్కులు హెర్పిస్ అనే వైరస్ జబ్బును సూచిస్తాయి. రాత్రిళ్లు విపరీతంగా దురద పెడుతూ, ఇంట్లో మరొకరికీ దురద ఉంటే గజ్జిని అనుమానించాలి. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది నొప్పి లేని పుండు, ఎందుకంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి పుండు తనంతట తానే మానిపోయి, జబ్బును మాత్రం ఒంట్లోనే ఉంచుతుంది.

వైద్యుడు చూసే వరకు దేన్నీ గిల్లవద్దు, కత్తిరించవద్దు. చేతుల మీది పులిపిర్లకు వాడే ఆమ్లపు మందునూ, తామరకని చెప్పి అమ్మే స్టెరాయిడ్ కలిసిన క్రీమునూ అక్కడ రాయవద్దు. ఆ చర్మం పలుచన కాబట్టి ఆమ్లానికి కాలి పుండు పడుతుంది, స్టెరాయిడ్‌కు ఇంకా పలుచబడుతుంది.

చర్మ, సుఖవ్యాధుల నిపుణుడి దగ్గరికి ఒకసారి వెళ్లిరా. సాధారణంగా కంటితో చూసి, అవసరమైతే చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపు పెట్టి చెప్పగలరు. పొక్కులను ఎప్పుడు గమనించావో, మారాయో లేదో, వాటిమీద ఏమేం పూశావో చెప్పు. ఎవరితోనైనా శారీరక సంబంధం ఉండి ఉంటే అది అస్సలు దాచవద్దు, దాన్ని బట్టే రక్తపరీక్షలు అవసరమా కాదా అన్నది తేలుతుంది. హెచ్‌పీవీ టీకా గురించి కూడా ఆయననే అడుగు. పుండు గానీ పెరిగే పొక్కు గానీ ఉంటే, పరీక్ష పూర్తయ్యే వరకు సంభోగానికి దూరంగా ఉండు. కండోమ్ కప్పని చోట నుంచి కూడా కొన్ని జబ్బులు అంటుకుంటాయి.

ఇట్లు,
పెదనాన్న