మైకు ఎవరి చేతికి ఇస్తావు?

చిరంజీవి వసుధకు,

పెదనాన్న ఆశీస్సులు. వైశాఖంలో నీ పెళ్లి కాణిపాకం దారిలోని మన మామిడి తోటలోనే అనీ, రెండు వైపులా కలిపి అరవై మందే అనీ నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. కల్యాణ మండపం వద్దే వద్దన్నావట. మీ పెద్దమ్మకు ఆ మాట చెబుతూ గర్వంగా నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. తోటలో పెళ్లి అన్నందుకు కాదు. భోజనాల దగ్గర కోర్టు జోకులు చదివిస్తావనీ, అందుకు నా పాత నోటుపుస్తకం పంపమన్నావనీ విన్నందుకు.

ముందు తోట సంగతి. తాగునీళ్లు, జనరేటరు, మరుగుదొడ్లు, బండ్లు ఆపుకునే చోటు నువ్వే చూసుకోగలవు. పిలవని వాళ్ల ఇళ్లకు ముందే వెళ్లి, ఎందుకు పిలవడం లేదో నీ నోటితో చెప్పు. పందిరి తాళ్లు మామిడి కొమ్మలకు కట్టనివ్వకు. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలు ఆ తాళ్ల మీదుగానే పందిట్లోకి దిగుతాయి. అవి పురోహితుడి మెడ మీద పడితే మంత్రం ఏ స్వరంలో వస్తుందో నేను విన్నాను. హోమం దగ్గరి చెట్టుకు తేనెపట్టు ఉందేమో పగలే తలెత్తి చూసుకోండి. ఆ నెలలో సాయంత్రం గాలి లేచిందంటే తోతాపురి కాయ రాయిలా పడుతుంది, కాబట్టి పందిరి చెట్ల కింద కాదు, ఖాళీ జాగాలో వేయించు.

చట్టం నీకు చెప్పేవాణ్ని కాదు గానీ, చెప్పకుండా ఉండలేను. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం సప్తపది ఉన్నచోట ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది. తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీకు సాక్షులేమో అరవై మందే. ఫొటోగ్రాఫరు వంకాయ కూరను వదిలేసినా ఫరవాలేదు, ఏడు అడుగులూ తీయాలి.

ఇక నోటుపుస్తకం. సాక్షి తెలుగులో చెప్పింది జడ్జిగారు ఇంగ్లీషులో కథనంలా చెప్పి రాయిస్తారు, స్టెనోగా నేను టైపు చేసేవాణ్ని. ప్రత్యేక కారణం ఉండి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 10వ రూలు కింద రాయమంటే తప్ప ప్రశ్న రికార్డుకు ఎక్కదు. జవాబు మాత్రమే మిగులుతుంది. ప్లీడరు ఎంత తికమక ప్రశ్న వేసినా రికార్డు గంభీరంగానే ఉంటుంది. అలా గాలిలో కలిసిపోయే ప్రశ్నలను ఇంటికొచ్చి రాసుకునేవాణ్ని. ‘మీరు పుట్టక ముందు మీ అన్నదమ్ముల్లో మీకు బాగా తెలిసినవారు ఎవరు?’ ‘ఆ బావి మీ పొలంలోంచి ఎప్పుడు వెళ్లిపోయింది?’ ‘ఈ వేలిముద్ర మీది కాదంటున్నారు, మరి ఈ చేత్తో ఎవరి వేలిముద్ర వేశారు?’ 2002 జూలై నుంచి చీఫ్ విచారణ, అంటే సాక్షిని పిలిపించినవాళ్ల ప్లీడరు మొదట అడిగేది, అఫిడవిట్లలోకి మారాక నా పంట సగానికి పడిపోయింది. మిగిలింది ఎదుటి ప్లీడరు అడిగే క్రాసే.

ఇప్పుడు నీకెవరూ చెప్పని సంగతి. మీ అమ్మానాన్నల పెళ్లి 1992లో ఈ తోటలోనే జరిగిందని నీకు తెలుసు. మీ అమ్మ మేనమామ, నీకు తన చట్టం పుస్తకాలన్నీ ఇచ్చిన తాతయ్య, ఆ పెళ్లిలో అన్నం తినకుండా వెళ్లిపోయారని తెలియదు. నా వల్లే వెళ్లిపోయారు.

మేనకోడలిని గంపలో కూర్చోబెట్టి పీటల దాకా తెచ్చిన మనిషి ఆయన. ముహూర్తం అయింది, పంక్తి కూర్చుంది, సన్నాయి వాళ్లు లేచారు, మైకు ఖాళీగా ఉంది. ఖాళీ మైకు కనిపిస్తే ఆ రోజుల్లో నా చేయి ఊరుకునేది కాదు. ఒకటి చెప్పాను, నవ్వారు. ఇంకొకటి చెప్పాను, ఇంకా నవ్వారు. మూడోది ఒక ఆస్తి పంపకాల దావాలోది. పేరు చెప్పలేదు, ఆ మాత్రం మర్యాద తెలుసనుకున్నాను. కానీ గొంతు మార్చాను. లేని గౌనును భుజం మీదికి లాక్కున్నాను. ప్రశ్నకు ముందు రెండుసార్లు దగ్గాను.

‘మీ అన్నగారు చనిపోయాక మీ ఇద్దరి మధ్య మాటల్లేవు కదా?’

‘లేవండీ.’

‘అంటే అప్పటి నుంచే గొడవ!’

పంక్తంతా ఘొల్లుమంది. రెండో వరుసలో పప్పన్నం కలుపుతున్న చేయి ఒక్కటి ఆగింది. మొదటి ముద్ద ఇంకా నోట్లో పెట్టుకోలేదు. ఆకు మడిచారు, చేయి కడుక్కున్నారు, మీ అమ్మ తల మీద చేయి వేసి ఏదో అన్నారు, రోడ్డు దాకా నడిచి బస్సెక్కారు. మీ నాన్న ఆ పూట నాతో మాట్లాడలేదు.

మర్నాడే వెళ్లాల్సింది. వారం తాత్సారం చేసి తాంబూలం పట్టుకుని వెళ్లాను. ఆయన లోపలి నుంచి రాలేదు. ఆయన భార్య అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి చెప్పింది. ఆ ప్రశ్న వేసిన రోజుకు ఆయన సొంత అన్నగారు పోయి పద్నాలుగు రోజులట. అన్నగారికి పిల్లలు లేకపోతే కర్మ ఈయనే చేశారట. వాయిదా అడిగినా దొరకలేదట. గుండుతోనే కోర్టుకు వచ్చారట.

గుండు నేను చూశాను వసుధా. మన ప్రాంతంలో గుండు చూస్తే ఏమనుకుంటాం? కొండకు వెళ్లొచ్చారనుకున్నాను. ‘లడ్డూ ఏదండీ?’ అని కూడా అడిగాను.

మూడేళ్లు మన ఇంటి గడప తొక్కలేదాయన. 1995లో నీ బారసాలకు వచ్చారు. నిన్ను ఒళ్లో పెట్టుకుంటే నువ్వు ఊరంతా వినబడేలా ఏడ్చావు. ‘స్టెనో గారూ, సాక్షి ఏడుస్తోంది, రాసుకోండి’ అన్నారు. ఆ మూడేళ్లలో నాతో ఆయన అన్న మొదటి మాట అది. నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను.

పుస్తకం పంపుతున్నాను. ఆ పేజీ చింపలేదు, పిన్నులు కొట్టాను. విప్పి నువ్వు చదువుకో, మైకులో మాత్రం వద్దు. నీ అరవై మందిలో ఇరవై మంది లాయర్లట. ఎవరు ఏ రోజు ఇంట్లో ఏం జరిగి కోర్టుకొచ్చి నోరు జారారో నీకూ తెలియదు, నాకూ తెలియదు. నవ్వించాలంటే నా ఎద్దును చదువు, చివరి పేజీలో ఉంది. టైపు మిషన్ మీద ‘ఐ’ పక్కనే ‘యు’ ఉంటుంది కదా, ‘బిల్లు’ కాస్తా ‘బుల్లు’ అయింది. సాక్షి కిరాణా దుకాణంలో ఎద్దును అడిగి తీసుకుని, జేబులో పెట్టుకుని, కోర్టులో దాఖలు చేసినట్టు రికార్డయింది. ఎగ్జిబిట్ ఏ-3 ఆ ఎద్దే. మైకు పట్టుకునేది అబ్బాయి స్నేహితుడెవరో అట. అతన్ని ఒకసారి నాకు ఫోను చేయమను. కోప్పడను, మాట్లాడతాను.

ఇంకొక్కటి. ముహూర్తం రాత్రి ఎనిమిదిన్నరకు అన్నారు. ఆ వేళకు సప్తర్షి మండలం ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటుంది. తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు, ఆయన్ని ఆనుకుని మిణుకుమనేది అరుంధతి. మండపాల్లో పట్టపగలు ఫ్యాను కేసి చూసి ‘కనిపించింది’ అంటారు. మా పెళ్లిలో నేనూ మీ పెద్దమ్మా అదే సాక్ష్యం చెప్పాం. కాణిపాకంలో ప్రమాణం చేయమంటే ఇద్దరం దొరికిపోతాం. ఆ రెండు నిమిషాలు దీపాలన్నీ ఆర్పించు. కిందటేడు నాకు శుక్లాల ఆపరేషన్ అయింది. మీ పెద్దమ్మను పక్కన నిలబెట్టుకుని చూస్తాను. కనిపించకపోతే ఈసారి కనిపించలేదనే చెబుతాను.

మీ పెదనాన్న
చిత్తూరు