గట్టి మాటకే బిగుసుకుపోయే పిల్లవాడితో తరగతిలో ఎలా మెలగాలి?

మీరు అడిగింది ఇది: నాలుగో తరగతి పిల్లవాడు ఇంట్లో పెద్ద కష్టం చూసి వచ్చాడు. ఎవరైనా గొంతు పెంచితే పుస్తకాలు విసిరేస్తాడు, లేదంటే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటాడు. దండిస్తే ముదురుతోంది, వదిలేస్తే మిగతా పిల్లలు "వాడికొక న్యాయం, మాకొక న్యాయమా?" అంటున్నారు.

నేను పంతొమ్మిదేళ్లుగా చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. దండించడమా, వదిలేయడమా అన్న ఇరకాటం నాకూ తెలుసు. అందులోంచి నన్ను బయటపడేసింది ఒక పాప.

పిల్లలు గోల చేస్తే డస్టర్‌తో బల్ల మీద గట్టిగా కొట్టడం అప్పట్లో నా అలవాటు. ఆ రోజూ కొట్టాను. గది సద్దుమణిగింది. మూడో బెంచీ చివర కూర్చునే పాప మాత్రం రెండు చేతులతో తల కప్పుకుని బెంచీ కిందికి ఒదిగిపోయింది. దగ్గరికి వెళితే పిడికిట్లో పెన్సిలు రెండు ముక్కలై ఉంది. పేరు పెట్టి పిలిస్తే వినిపించినట్టే లేదు. ఆ పాపను అప్పటిదాకా నేను మొండిది అనుకునేదాన్ని. నెలల తరబడి ఒక పసిదాని భయాన్ని పొగరుగా చదువుకున్నానని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మన మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాల అనే చిన్న భాగం ఉంది. దెబ్బలు, అరుపులు, అయినవాళ్లను హఠాత్తుగా పోగొట్టుకోవడం లాంటివి అనుభవించిన పిల్లల్లో అది చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. గుండె దడదడలాడుతుంది. తిరగబడటమో, పారిపోవడమో, కొయ్యబారిపోవడమో జరుగుతుంది. ఆగి ఆలోచించడానికి అవసరమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు ముందు భాగం పట్టు ఆ కాసేపు సడలుతుంది. అందుకే "ఎందుకు విసిరావు?" అని అప్పుడు అడిగితే జవాబు రాదు. నిజంగానే వాడి దగ్గర అప్పుడు జవాబు ఉండదు. పిల్లల మానసిక వైద్యుడు బ్రూస్ పెర్రీ చెప్పే వరుస నాకు బాగా అక్కరకొచ్చింది: ముందు ఒళ్లు కుదుటపడాలి, తర్వాత మనిషితో మాట కలవాలి, ఆ తర్వాతే బుద్ధి చెప్పాలి. మనం చేసేది సరిగ్గా తలకిందులు.

కాబట్టి వాడు విసిరిన క్షణంలో మీ గొంతు తగ్గించండి. ఎదురుగా నిలబడకుండా కాస్త పక్కగా కూర్చోండి. "నేను ఇక్కడే ఉన్నాను, కాసిని నీళ్లు తాగు" అంటే చాలు, ఎక్కువ మాటలు వద్దు. ఊపిరి నిదానించడానికి పది నిమిషాలు పట్టవచ్చు, ఇరవై పట్టవచ్చు. ఆ తర్వాత విసిరిన పుస్తకాలు వాడే ఏరి సర్దాలి. చిరిగిన పేజీ ఉంటే వాడే అతికించాలి, మీరు పక్కన కూర్చుని సాయం చేయండి. మిగతా పిల్లలు అడిగే న్యాయం ఇదే. తప్పు చేసినవాడు దిద్దుకోవడం వాళ్ల కళ్లముందే జరుగుతుంది, అవమానం మాత్రం ఉండదు.

అయితే అసలు పని ఆ క్షణానికి ముందే ఉంది. ఈ పిల్లలను ఎక్కువగా వణికించేది తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడం. నేను రోజూ బోర్డు మూల ఆనాటి పనులు వరుసగా రాస్తాను, అయినవి కొట్టేస్తాను. మార్పు ఉంటే ముందే చెబుతాను. ఆ పాపను గోడకు ఆనుకుని, తలుపు కనిపించే చోట కూర్చోబెట్టాను. డస్టర్ చప్పుడు మానేసి, చేయెత్తి నిలబడటం మొదలుపెట్టాను. పెద్ద విషయాలేమీ కావు. నెల తిరిగేసరికి తరగతి మొత్తం నెమ్మదించింది.

ఇవి ఆ ఒక్కడికే చేయకండి, అందరికీ చేయండి. ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు అమెరికాలో 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను బాల్యం గురించి అడిగిన అధ్యయనం 1998లో మొదట వెలువడింది. ఇంట్లో హింస, నిరాదరణ వంటి చేదు అనుభవాల్లో కనీసం ఒకటి ఎదురైనవారు అందులో దాదాపు మూడింట రెండు వంతులు. మీ తరగతిలోనూ మీకు తెలియనివాళ్లు ఉండే ఉంటారు.

ఏం జరిగిందని తవ్వి అడగకండి, మనం చికిత్స చేసేవాళ్లం కాము. తానుగా చెబితే వినండి, కానీ ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. ఇప్పటికీ ప్రమాదంలో ఉన్నాడనిపిస్తే ఆ రోజే బడిలో బాధ్యులకు చెప్పాలి. "మా నాన్న" అని వ్యాసం రాయించేటప్పుడు, ఆ మాటే కొందరికి నొప్పి కావచ్చు కనుక, రెండో అంశం కూడా ఇవ్వండి.

జాలి విషయంలో నాది కాస్త కఠినమైన అభిప్రాయం. "పాపం, వాడు చేయలేడులే" అనే చూపు పిల్లవాణ్ని ఇంకా కిందికి తోస్తుంది. పది లెక్కల బదులు మూడే ఇవ్వండి, కానీ ఆ మూడూ పూర్తి చేయించండి. తట్టుకుని నిలబడే శక్తి పుట్టుకతో వచ్చే గట్టి గుండె అనుకుంటాం. కానీ హవాయిలోని కవాయి ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. తీవ్రమైన కష్టాల మధ్య పెరిగినవారిలో మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ల వెనక చాలావరకు నమ్మకంగా అంటిపెట్టుకున్న పెద్ద మనిషి ఒకరు కనిపించారు. కొందరికి ఆ మనిషి టీచరే.

ఒకసారి నేను రెండు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది. ముందు రోజే ఆ పాపకు చెప్పాను. "ఎల్లుండి కాక ఆ మర్నాడు వస్తారా?" అని అడిగింది. వస్తానన్నాను. తిరిగి వచ్చిన పొద్దున బోర్డు మూల ఆనాటి పనుల వరుస అప్పటికే రాసి ఉంది, వంకర అక్షరాలతో. మొదటి పని: "టీచర్ వచ్చారు." నా చేతికి సుద్దముక్క ఇచ్చి, అది కొట్టేయమంది.