చెల్లికి ఐదో నెల, బాంబే బ్లడ్ గ్రూప్ అన్నారు. బిడ్డకి ప్రమాదమా?

మీ చెల్లెలికి కార్డులో ఓ పాజిటివ్ అని ఉండేదని, ఇప్పుడు ఐదో నెలలో బాంబే బ్లడ్ గ్రూప్ అని తేలిందని, బిడ్డకి ఏమైనా అవుతుందేమోనని ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారని రాశారు. నాదీ అదే గ్రూపు. ఇద్దరు పిల్లల తల్లిని. డాక్టర్ని కాదు, కానీ తొమ్మిదేళ్లుగా ఈ గ్రూపు గురించి తెలుసుకుంటూనే ఉన్నాను.

మీ భయమంతా బిడ్డ మీదే ఉంది. ఈ గ్రూపులో ముందు చూసుకోవాల్సింది తల్లిని.

చాలామంది దీన్ని నెగటివ్ గ్రూపుతో కలిపేస్తారు. తల్లి నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తల్లి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ రక్తాన్ని దెబ్బతీయగలవు. అందుకే 28వ వారంలో ఒకసారి, కాన్పయిన 72 గంటల్లోపు ఇంకోసారి యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. మన సంగతి వేరు. మన ఒంట్లో ఉండే యాంటీ-హెచ్ అనే యాంటీబాడీ ఎక్కువగా మాయ దాటలేని పెద్ద రకం. బిడ్డకి దానివల్ల ఇబ్బంది రావడం అరుదు. పుట్టాక కామెర్లు ఉన్నాయేమో రెండు మూడు రోజులు గమనిస్తారు. నా పిల్లలిద్దరికీ అదే చేశారు, ఏమీ రాలేదు. మీ చెల్లిది బాంబే నెగటివ్ అయితే మాత్రం యాంటీ-డి గురించి విడిగా అడగండి.

అసలు చిక్కు కాన్పులో రక్తం ఎక్కువ పోతే వస్తుంది. రక్తకణాల మీద 'ఎ' గ్రూపుకైనా, 'బి' గ్రూపుకైనా పునాది హెచ్ అనే పదార్థం. ఓ గ్రూపు వాళ్లలో ఆ పునాది ఒక్కటే ఉంటుంది. మనలో అదీ ఉండదు. అందుకే ఓ రక్తాన్ని కూడా మన ఒళ్లు పరాయిదిగానే చూస్తుంది. ఎక్కిస్తే ఆ రక్తకణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతాయి, జ్వరం, నడుం నొప్పి, ఎర్రటి మూత్రం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణమే పోవచ్చు. ఓ నెగటివ్ ఎవరికైనా ఎక్కించవచ్చనే మాట మనకి పనికిరాదు. మనకి మన గ్రూపు వాళ్లే ఇవ్వాలి. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన తోటివాళ్లు దీన్ని మొదట గుర్తించారు, పేరు అలా వచ్చింది. మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరికి ఉంటుందంటారు.

నాకు తెలిసింది మొదటి కాన్పుకి రెండు రోజుల ముందు. మూడో నెలలో ఒక ల్యాబ్‌లో వేలికొన మీద చుక్క తీసి ఓ పాజిటివ్ అని రాసిచ్చారు. తొమ్మిదో నెలలో హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయింది, ఆపరేషన్ అవసరం కావచ్చు, రెండు యూనిట్లు సిద్ధం చేసుకోమన్నారు. నాన్న రాత్రి పది గంటలకి నా శాంపిల్ పట్టుకుని బ్లడ్ బ్యాంక్‌కి వెళ్లారు. అక్కడి టెక్నీషియన్ కుర్రాడు ఒక బ్యాగు రక్తాన్ని నా శాంపిల్‌తో కలిపి సరిపోతుందా అని చూశాడు (దీన్నే క్రాస్ మ్యాచ్ అంటారు), కుదరలేదు. వరసగా ఆరు ఓ పాజిటివ్ బ్యాగులతో చూశాడు. నాన్నని లోపలికి పిలిచి గాజు పలక చూపించాడట. పాలు విరిగినట్టు ఎర్రటి పలుకులు. 'ఇది ఓ కాదండీ, నేను బ్యాగు ఇవ్వను' అన్నాడు. ఆ రోజు ఆ అబ్బాయి తొందరపడి ఉంటే నేనిప్పుడు ఇది రాసేదాన్ని కాదు.

మీరు తెలుసుకోవాల్సింది ఇదే. కణాలని మాత్రం పరీక్షిస్తే మన గ్రూపు ఓ లాగే కనిపిస్తుంది. సీరం, అంటే కణాలు తీసేశాక మిగిలే ద్రవాన్ని, ఓ కణాలతో కలిపి చూసే రివర్స్ పరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

మా తమ్ముడు చెన్నై నుంచి రాత్రి రైల్లో వచ్చాడు. వాడిదీ బాంబే గ్రూపే. మా అమ్మానాన్నలది మేనరికం, ఇద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి దాగి ఉంది. అలాంటి ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ఈ గ్రూపు వచ్చే అవకాశం ఉంటుంది. వాడిచ్చిన యూనిట్‌ని రేడియేషన్ చేయించి మరీ ఎక్కించారు. సొంత రక్తసంబంధీకుల రక్తం నేరుగా ఎక్కించకూడదు, అందులోని తెల్లకణాలు ఎదురుతిరిగే ప్రమాదం ఉంది. ఇది మీరు గుర్తుపెట్టుకుని అడగండి.

ఇంకో సంగతి, రాయాలా వద్దా అనుకున్నాను. మా అమ్మాయి పుట్టాక గ్రూపు చూస్తే బి పాజిటివ్. మా ఆయనది ఓ, నా పాత కార్డులోనూ ఓ. 'ఇద్దరు ఓ వాళ్లకి బి పిల్ల ఎలా పుడుతుంది' అని మా ఆడపడుచు అందరి ముందూ అడిగింది. బాలింతగా మంచం మీద ఉండి ఆ మాట విన్నాను. పిల్లల డాక్టరుగారు మా అత్తగారిని కూర్చోబెట్టి, నాలో బి జన్యువు ఉందని, పునాది లేక కనిపించలేదని, తండ్రి నుంచి హెచ్ రాగానే బిడ్డలో బయటపడిందని చెప్పారు. మీ చెల్లి అత్తవారికి ఈ సంగతి ఇప్పుడే, డాక్టర్ చేతే చెప్పించండి. దయచేసి వాయిదా వేయకండి.

రెండో కాన్పుకి కంగారు లేదు. ఐదో నెల నుంచే ఐరన్ మాత్రలు, అవి సరిపోక సెలైన్‌లో ఐరన్. తొమ్మిదో నెలకి హిమోగ్లోబిన్ 11.4. తమ్ముడు అంతకుముందు మూడు నెలలూ ఎక్కడా రక్తం ఇవ్వకుండా ఆగాడు, కాన్పుకి పది రోజుల ముందు ఇచ్చాడు. రక్తం ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్ కూడా దగ్గర పెట్టుకున్నారు. బ్యాగు వాడాల్సిన పనే రాలేదు.

ముంబైలోని జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థ దగ్గర అరుదైన గ్రూపుల దాతల జాబితా ఉంది. బెంగళూరు సంకల్ప్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు బాంబే గ్రూపు దాతలని కలుపుతారు. నెలలు నిండేదాకా ఆగకుండా ఇప్పుడే బ్లడ్ బ్యాంక్ ద్వారా మాట్లాడించండి. కాన్పు కూడా బ్లడ్ బ్యాంక్ ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు, మీరు ఆవిడ సొంత అన్నయ్య. మీ కార్డులో కూడా ఓ అనే ఉంటే దాన్ని నమ్మకండి, మీదీ ఇదే గ్రూపు కావచ్చు. చెల్లి రిపోర్టు కాపీ పట్టుకుని ఈ వారంలోనే పెద్ద బ్లడ్ బ్యాంక్‌కి వెళ్లి, రివర్స్ పరీక్ష చేయమని అడగండి.