కానుగ ఆకులపై బొడిపెలు ఎందుకు వస్తాయి? మందు కొట్టాలా?

నీడ కోసం రోడ్ల పక్కన పెంచే కానుగ చెట్ల ఆకులపై కనిపించే బొడిపెలు కంటికి ఆననంత చిన్న నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్ అనే జీవి) వల్ల ఏర్పడతాయి. ఎదిగిన చెట్టుకు వాటితో ప్రాణాపాయం ఉండదు కనుక సాధారణంగా మందు కొట్టనవసరం లేదు. లేత ఆకులో నల్లి రసం పీల్చినచోట కణాలు అదుపు తప్పి పెరిగి, దానికే గూడుగా మారతాయి. పచ్చి బొడిపెను బ్లేడుతో చీల్చి మంచి భూతద్దంతో చూస్తే, సన్నని పాలిపోయిన పురుగుల్లాంటివి మెల్లగా కదులుతుంటాయి. లోపల దాగిన వాటికి పిచికారీ అందదు, ఒకసారి లేచిన బొడిపె మళ్లీ చదును కాదు. అందుచేత నర్సరీలోనే శుభ్రమైన ఆకులున్న మొక్కను ఎంచుకోవాలి. చిన్న మొక్కకు సోకితే బొడిపెలున్న ఆకులను తుంచివేసి, కొత్త చిగురు వేసేటప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కరిగే గంధకాన్ని కలిపి, ఎండ తగ్గాక చల్లాలి. పేనుబంక అనే రసం పీల్చే కీటకానికి వాడే మందే దీనికీ సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ నల్లి కీటకం కాదు, సాలీళ్లకు దగ్గరి జీవి. పైగా అలాంటి మందులు నల్లిని తినే మిత్రజీవులను చంపి, ఒక్కోసారి దాని బెడదను మరింత పెంచుతాయి.